జర్మనీలో ఇమడని జర్మన్

సభకు నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేసిన మిత్రులు "ముప్పై ఏళ్లుగా జర్మనీ భాష బోధిస్తున్నారు" అన్నారు. అభిమానంతో అన్న మాట, తప్పుపట్టను. కానీ మా తరగతిలో ఎవరైనా అలా అంటే మొదటి రోజే సరిదిద్దుతాను. నేను చెప్పేది జర్మన్ భాష. చివరన తగిలించిన ఆ దీర్ఘం తీసేయడానికే ఈ సాయంత్రం కాసేపు మీ ఓపికను అప్పుగా అడుగుతున్నాను.

ఇంత చిన్న దీర్ఘానికి అంత పట్టింపు ఎందుకంటారా? జర్మనీ అనే దేశం ఒక్క జెండా కిందికి వచ్చింది 1871లో. అప్పటికి ఆ భాష మాట్లాడేవారు పెన్సిల్వేనియాలో స్థిరపడడం మొదలై 188 ఏళ్లు. వోల్గా నది ఒడ్డున ఊళ్లు కట్టుకుని శతాబ్దం దాటింది. బ్రెజిల్ దక్షిణాన అడవి నరికి మొక్కజొన్న వేసి 47 ఏళ్లు. ఇప్పటి రుమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియాకైతే వాళ్లు చేరి దాదాపు ఏడు వందల ఏళ్లు. వీళ్లెవరూ జర్మనీ నుంచి వెళ్లలేదు. వెళ్లడానికి అప్పటికి జర్మనీ ఉంటే కదా! పలాటినేట్ నుంచి, హెస్సె నుంచి, హున్స్‌రుక్ కొండల నుంచి, పొమరేనియా తీరం నుంచి వెళ్లారు. ఎవరి ఊరి మాటను వాళ్లు మూటగట్టుకుని పోయారు.

అసలు ఆ భాష పేరే చూడండి. వాళ్లు దాన్ని డాయిచ్ అంటారు. పూర్వరూపం దియుటిస్క్. అంటే 'జనానికి చెందినది' అని. మఠాల్లో పండితులు లాటిన్‌లో రాసుకుంటూ ఉంటే, బయట సంతలో జనం మాట్లాడుకునే మాటకు పెట్టిన పేరు అది. 'వాడుక భాష' అన్న వర్ణనే అక్కడ భాషకు పేరై కూర్చుందన్నమాట. గిడుగు రామమూర్తి గారు వింటే మురిసిపోయేవారు. పొరుగువాళ్లు మాత్రం తలొక పేరు పెట్టారు. ఫ్రెంచివాళ్ల పక్కన ఉన్న తెగ అలమన్నులు కనుక వాళ్ల నోట అది అల్‌మాన్. ఫిన్లండువాళ్లు ఎరిగింది సాక్సన్లను కనుక వాళ్లకు సక్సా. పోలండువాళ్ల పేరు నియెమియెత్స్కి, దాని వేరులో 'మూగవాడు' అన్న అర్థం ఉంది. మన మాట రానివాడు మూగవాడే అన్న ధీమా! ఇది మనకూ అనుభవమే. తమిళులు మనల్ని వడుగులన్నారు. పోర్చుగీసువాళ్ల నోటి నుంచి ఆంగ్లేయులు అందుకుని జెంటూలన్నారు. బర్మాలో కోరంగి రేవు పేరు పెట్టి కోరంగీలన్నారు. ఈ వడుగు, జెంటూ అన్న రెండు మాటలు కాస్త జ్ఞాపకం పెట్టుకోండి, చివర్లో వాటితో పని పడుతుంది.

లెక్కలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జర్మన్ మాతృభాషగా ఉన్నవారు ప్రపంచంలో తొమ్మిది కోట్ల పైచిలుకు. మన 2011 జనగణనలో తెలుగు మాతృభాష అన్నవారు 8.11 కోట్లు. అంటే ఇంచుమించు మన తూకమే. యూరోపియన్ యూనియన్‌లో ఎక్కువమందికి తల్లిభాష ఇదే. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్, లక్సెంబర్గ్, బెల్జియం, ఈ ఆరు దేశాల్లో జాతీయ స్థాయిలో అధికార హోదా ఉంది. ఇటలీ ఉత్తరపు కొసన ఒక రాష్ట్రంలో ఉంది. లెక్కలు అయిపోయాయి.

మా దగ్గరకు వచ్చే పిల్లలు ప్రామాణిక జర్మన్‌కు వాడే హోఖ్‌డాయిచ్ అన్న మాట వినగానే అది పెద్దింటివాళ్ల భాష అనుకుంటారు. హోఖ్ అంటే ఎత్తు, నిజమే. కానీ అది నేల ఎత్తు. దక్షిణాన ఆల్ప్స్ పర్వతాల వైపు మెరక, ఉత్తరాన సముద్రం వైపు పల్లం. మెరక జర్మన్, పల్లపు జర్మన్ అనుకుంటే గొడవే లేదు. సుమారు పదిహేను వందల ఏళ్ల క్రితం మెరకలో కొన్ని హల్లులు మారాయి. నీళ్లను పల్లంలో వాటర్ అంటూ ఉండిపోతే మెరకలో వాసర్ అన్నారు. పల్లంలో అప్పెల్, మెరకలో అప్ఫెల్. ఇంగ్లీషు పల్లపు వైపు నుంచి పడవెక్కి వెళ్లిన చుట్టం, అందుకే దానిలో నేటికీ వాటర్, ఆపిల్. ఈ మెరకకూ పల్లానికీ మధ్య ఏ ఊరివాడికీ పూర్తిగా సొంతం కాని ఒక రాతభాష నెమ్మదిగా తయారైంది. 1522లో కొత్త నిబంధన, 1534లో మొత్తం బైబిలు మతసంస్కర్త మార్టిన్ లూథర్ అనువాదంలో వచ్చాక అది ఇంటింటికీ చేరింది. మనం పాఠ్యపుస్తకంలో నేర్చుకునేది దాని వారసత్వాన్నే.

పాఠ్యపుస్తకం పట్టుకుని వియన్నా వెళ్తే ఏమవుతుంది? కూరగాయల దుకాణం దగ్గరే తేలిపోతుంది. బంగాళాదుంపకు పుస్తకంలో కార్టోఫెల్ అని ఉంటుంది, అక్కడ ఎర్డాప్ఫెల్ అంటారు. అంటే మట్టి ఆపిల్. టమాటాకు అక్కడ పారడైజర్, అంటే స్వర్గపు పండు. 1995లో ఆస్ట్రియా యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు ఆ ఒప్పందానికి పదో ప్రొటోకాల్ అని ఒక చిన్న పత్రం జతచేయించుకుంది. అందులో 23 ఆస్ట్రియా మాటలున్నాయి. యూనియన్ కాగితాల్లో జర్మనీ మాటలతో పాటు వీటికీ సమాన హోదా ఉండాలని షరతు. ఆ 23 మాటలూ తిండివే! బంగాళాదుంప, టమాటా, ఆప్రికాట్, వంకాయ, మాంసంలో కోతల పేర్లు. రాజ్యాంగం గురించో సైన్యం గురించో కాదు, వంటింటి గురించి పట్టుపట్టారు. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నాకైతే వాళ్ల తెలివి నచ్చింది. భాష పోగొట్టుకోవడం మొదలయ్యేది కూరల పేర్ల దగ్గరే.

స్విట్జర్లాండ్ సంగతి ఇంకా తమాషా. అక్కడ జనాభాలో అరవై శాతానికి పైగా జర్మన్ మాట్లాడేవాళ్లే అంటారు. మీరు జూరిచ్‌లో దిగి ట్రామ్ ఎక్కితే మీకు ఒక్క ముక్క అర్థం కాదు. మీకే కాదు, ఉత్తర జర్మనీ నుంచి వచ్చినవాడికీ అర్థం కాదు. వాళ్లు మాట్లాడేది స్విస్ జర్మన్, మళ్లీ అందులో లోయకొక యాస. పత్రిక చదివేది, దరఖాస్తు రాసేది, బడిలో చదువుకునేది మాత్రం ప్రామాణిక జర్మన్. దాన్ని వాళ్లు 'రాత జర్మన్' అనే పిలుస్తారు. ప్రొఫెసర్ పాఠం ప్రామాణికంలో చెప్పి, గది దాటగానే అదే విద్యార్థితో స్విస్ జర్మన్‌లో మాట్లాడతాడు. ఇందులో చదువుకున్నవాడు, చదువులేనివాడు అన్న తేడా లేదు. బ్యాంకు అధికారీ, పాలవాడూ ఇంట్లో మాట్లాడేది ఒకటే. 1959లో చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త ఒకే సమాజంలో రాతకొకటి, మాటకొకటి ఉండే స్థితిని వివరిస్తూ నాలుగు ఉదాహరణలు తీసుకున్నాడు. అరబ్బీ, గ్రీకు, హైతీ క్రియోల్, నాలుగోది ఈ స్విస్ జర్మన్.

మనకు ఆ స్థితి కొత్తా? గ్రాంథికంలో రాసి వాడుకలో మాట్లాడిన తరాలు మనవి. అయితే మనం పోట్లాడి రాతను మాట దగ్గరకు తెచ్చుకున్నాం. స్విస్ వాళ్లు పోట్లాడలేదు. రెండింటినీ రెండు గదుల్లో ఉంచి హాయిగా బతుకుతున్నారు. 2011లో జూరిచ్ ప్రజలు ఓటు వేసి మరీ కిండర్‌గార్టెన్‌లో పిల్లలతో యాసలోనే మాట్లాడాలని తీర్పు చెప్పారు. ప్రామాణికం బడికి వెళ్లాక ఎలాగూ వస్తుంది కదా అన్నారు. ఒకటో తరగతి నుంచే ఇంటి మాటను వదిలించుకోవాలని తొందరపడే మన తల్లిదండ్రులకు ఈ ముచ్చట చెప్పి చూశాను. "అది స్విట్జర్లాండ్ కదండీ" అన్నారు.

లక్సెంబర్గ్‌లో పిల్లవాడు ఇంట్లో లక్సెంబర్గిష్ మాట్లాడతాడు, బడిలో అక్షరాలు జర్మన్‌లో దిద్దుతాడు, దేశపు చట్టాలు ఫ్రెంచిలో ఉంటాయి. 1984 చట్టంతో లక్సెంబర్గిష్ జాతీయ భాష అయింది. అది జర్మన్ యాసల కుటుంబంలోదే అని పుస్తకాలు చెబుతాయి, మీరు మాత్రం అక్కడ ఆ మాట గట్టిగా అనకండి. బెల్జియం తూర్పు అంచున అయుపెన్ చుట్టూ ఉన్న జర్మన్ మాట్లాడేవాళ్లు ఎనభై వేలకు లోపే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సరిహద్దు గీత జరిగి బెల్జియంలో పడ్డారు. అంత చిన్న సమూహానికీ సొంత పార్లమెంటు ఉంది.

గీత జరగడం అన్నాను కదా, దాని గురించి చెప్పాలంటే దక్షిణ టిరోల్‌కు వెళ్లాలి. ఆల్ప్స్ మధ్య, బొల్జానో చుట్టుపక్కల లోయలు. యుద్ధంలో ఓడిన ఆస్ట్రియా నుంచి 1919 ఒప్పందంతో ఇటలీకి వచ్చాయి. ముస్సోలినీ ప్రభుత్వం వచ్చాక 1923 నుంచి బడిలో జర్మన్‌ను తరగతి తర్వాత తరగతిగా తీసేశారు. ఊళ్ల పేర్లు మార్చారు. అప్పుడు ఊరివాళ్లు ఏం చేశారంటే, కొట్టాల్లో, అటకల మీద, పొలాల్లోని ఇళ్లలో రహస్య బడులు పెట్టారు. తొలినాటి క్రైస్తవులు భూగర్భ సమాధుల్లో దాక్కుని ప్రార్థించుకున్న కథను తలచుకుని వాటిని 'సమాధుల బడులు' అన్నారు. మీఖాయెల్ గాంపర్ అనే మతగురువు వెనక ఉండి నడిపించాడు. పాఠాలు చెప్పింది ఎక్కువగా పల్లెటూరి ఆడపిల్లలు, ఇరవై ఏళ్ల వయసువాళ్లు. పట్టుబడితే జరిమానా, జైలు. అంజెలా నికొలెట్టి అనే ఉపాధ్యాయిని అలాగే జైలుకు వెళ్లివచ్చి, ఆరోగ్యం పాడై, 1930లో పాతికేళ్ల వయసులో చనిపోయింది. అక్షరమాల నేర్పినందుకు!

కథ అక్కడ ఆగితే బాగుండేది. 1939లో హిట్లర్, ముస్సోలినీ కూడబలుక్కుని ఆ జనానికి రెండే దారులు పెట్టారు. భాష కావాలంటే ఊరు వదిలి జర్మన్ రాజ్యానికి వెళ్లండి. ఊరు కావాలంటే భాష మరిచి ఇటాలియన్లుగా ఉండండి. ఎనభై శాతానికి పైగా వెళ్లడానికే సంతకం పెట్టారు. యుద్ధం వల్ల చాలామంది కదలలేకపోయారు, అయినా 75 వేల మంది దాకా వెళ్లిపోయారు. అన్నదమ్ములు ఒకరు సంతకం పెట్టి, ఒకరు పెట్టక విడిపోయిన ఇళ్లున్నాయి. ఇవాళ అదే చోట 1972 నాటి స్వయంప్రతిపత్తి చట్టం ఉంది. దారి పలకలు రెండు భాషల్లో ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగానికి రెండు భాషల పరీక్ష రాయాలి. ఉద్యోగాలను భాషల వారీగా జనాభా నిష్పత్తిలో పంచుతారు. సంపన్న ప్రాంతం, పర్యాటకులు కిటకిటలాడతారు. ఆ కొట్టాల్లో కొన్ని ఇప్పుడు అతిథిగృహాలై ఉంటాయి.

ఇక సముద్రం దాటుదాం. అమెరికాలో పెన్సిల్వేనియా డచ్ అని ఒకటి ఉంది. పేరు చూసి హాలండు భాష అనుకోకండి. వాళ్లు తమ భాషను డైచ్ అంటారు, ఇంగ్లీషువాళ్ల చెవికి అది డచ్ అయింది. ప్రధానంగా పలాటినేట్ రైతుల మాట అది. మీలో చాలామంది ఇంటర్నెట్‌లో చదివే ఉంటారు, జర్మన్ ఒక్క ఓటు తేడాతో అమెరికా అధికార భాష కాకుండా పోయిందని. చెవికి ఇంపుగా ఉంది, కానీ కట్టుకథ. జరిగింది ఇది. వర్జీనియాలోని జర్మన్లు కొందరు చట్టాలను జర్మన్‌లో కూడా అచ్చువేయించండని 1794లో అర్జీ పెట్టుకున్నారు. 1795 జనవరిలో దాని మీద చర్చను వాయిదా వేయాలా వద్దా అన్న ఓటింగ్‌లో 42కి 41 వచ్చింది. వాయిదా వీగిపోయింది. అంతే. ఒక అర్జీ, ఒక వాయిదా. దానికి రెండు వందల ఏళ్లలో ఎన్ని రెక్కలు మొలిచాయో చూడండి.

నిజంగా జరిగిన కథ నెబ్రాస్కాది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ శత్రువైంది, దాంతో పాటు భాష కూడా శత్రువైంది. కెనడాలో బెర్లిన్ అనే పట్టణం 1916లో పేరు మార్చుకుని కిచెనర్ అయింది. దక్షిణ ఆస్ట్రేలియాలో 1917లో ఒక చట్టం చేసి 69 జర్మన్ ఊరి పేర్లు తుడిచేశారు. అమెరికాలో క్యాబేజీ పచ్చడికి ఉన్న జర్మన్ పేరు తీసేసి 'స్వేచ్ఛా క్యాబేజీ' అన్నవాళ్లున్నారు. నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరో జీవభాష నేర్పకూడదని చట్టం చేసింది. హాంప్టన్ అనే ఊళ్లో రాబర్ట్ మేయర్ అనే పంతులు 1920 మేలో పదేళ్ల పిల్లవాడి చేత జర్మన్‌లో బైబిలు కథ చదివిస్తుండగా ప్రభుత్వ న్యాయవాది తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. పంతులు ఆపలేదు. 25 డాలర్ల జరిమానా పడింది. కట్టేస్తే పోయేదే. కట్టనన్నాడు. సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1923లో గెలిచాడు. అమెరికా రాజ్యాంగ పాఠాల్లో ఆ తీర్పును ఇప్పటికీ చదువుతారు. అయితే కోర్టు గెలిపించింది కానీ భాష నిలవలేదు. పట్టణాల్లో జర్మన్ పత్రికలు, పాఠశాలలు, పాటల సంఘాలు ఒక్క తరంలో మాయమైపోయాయి. భయపడ్డ తల్లిదండ్రులు పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు.

మరి నిలిచింది ఎవరి దగ్గర? కారు కొననివాళ్ల దగ్గర, ఇంటికి కరెంటు తీగ లాగించుకోనివాళ్ల దగ్గర. అమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లు ఇప్పుడు నాలుగు లక్షల దరిదాపుల్లో ఉన్నారు, దాదాపు ఇరవై ఏళ్లకొకసారి రెట్టింపవుతున్నారు. ఇంట్లో డైచ్, బయటివాళ్లతో ఇంగ్లీషు, ప్రార్థనలో లూథర్ నాటి జర్మన్. పత్రికలు, పాఠశాలలు, సంఘాలు అన్నీ ఉన్నవాళ్లు భాషను పోగొట్టుకున్నారు. ఇవేవీ పట్టించుకోక, గుర్రబ్బండిలో తిరిగే రైతులు నిలుపుకున్నారు. దీన్ని ఆదర్శంగా చెప్పడం లేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసే సమాజం అది, ఆ మూల్యం చిన్నది కాదు.

టెక్సాస్‌లో ఇంకో రకం. 1840ల్లో న్యూ బ్రౌన్‌ఫెల్స్, ఫ్రెడరిక్స్‌బర్గ్ లాంటి ఊళ్లు కట్టుకున్నారు. వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ల యాసలు కలిసి టెక్సాస్ జర్మన్ తయారైంది. అక్కడ వాళ్లకు ఒక వింత జంతువు ఎదురైంది, భయపడితే దుర్వాసన చిమ్మేది, స్కంక్. యూరపులో అది లేదు, పేరూ లేదు. ష్టింక్‌కాట్స అన్నారు, కంపు పిల్లి! విమానం వచ్చినప్పుడు పాత దేశంలో ఏం పేరు పెట్టారో వీళ్లకు తెలియదు. లుఫ్ట్‌షిఫ్ అన్నారు, గాలి ఓడ. ఇప్పుడా మాటలు పలికేవారు వృద్ధులే. 2001 నుంచి టెక్సాస్ విశ్వవిద్యాలయంలో వాళ్ల గొంతులు రికార్డు చేసి దాస్తున్నారు. గొంతు నిలుస్తుంది. కంపు పిల్లిని చూసి ఆ పేరుతో కేకవేసే పిల్లవాడు మాత్రం ఇక ఉండడు.

బ్రెజిల్‌కు తొలి జర్మన్ వలస బృందం 1824 జూలై 25న ఇప్పటి సావో లియోపోల్డో దగ్గర దిగింది. హున్స్‌రుక్ కొండల మాట అక్కడ ప్రధానమైంది. పోర్చుగీసు మాటలు కలుపుకుని సొంత రూపం దిద్దుకుంది. మొక్కజొన్నను పాత జర్మన్‌లో ఏమన్నా, అక్కడ మిల్యె అంటారు. 1930ల చివర దేశాధ్యక్షుడు వర్గాస్ ప్రభుత్వం జర్మన్ బడులు మూయించింది, బహిరంగంగా మాట్లాడడం నిషేధించింది. అయినా పల్లెల్లో నిలిచింది. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం పొమరేనియన్ల సంగతి. బాల్టిక్ సముద్రం ఒడ్డున పొమరేనియాలో పల్లపు జర్మన్ ఒకటి మాట్లాడేవారు. 1945 తర్వాత ఆ ప్రాంతంలో ఎక్కువ భాగం పోలండుకు వచ్చింది, అక్కడి జర్మన్లను వెళ్లగొట్టారు. చెల్లాచెదురై పశ్చిమానికి చేరినవాళ్ల పిల్లలు ఆ యాస నేర్వలేదు. పుట్టినచోట భాష ఆరిపోయింది. కానీ అంతకు ముందు శతాబ్దంలో కొందరు పొమరేనియన్లు బ్రెజిల్ ఎస్పిరితో సాంతో కొండలకు వెళ్లి ఉన్నారు. అక్కడ సాంత మరియ ద జెతిబా అనే పట్టణంలో కాఫీ తోటల మధ్య నేటికీ పొమరేనియన్ వినిపిస్తుంది. 2009 నుంచి ఆ పట్టణంలో దానికి అధికార హోదా కూడా ఉంది. బాల్టిక్ తీరపు మాట వినాలంటే ఇవాళ భూమధ్యరేఖ దాటి వెళ్లాలి.

వోల్గా జర్మన్ల గురించి ఒక్క మాట. 1763లో రష్యా రాణి రెండో కేథరిన్ పిలిచి భూములిచ్చింది. 1941 ఆగస్టు 28 నాటి ఒక్క శాసనంతో స్టాలిన్ వాళ్లందరినీ రైళ్లకెక్కించి కజకిస్తాన్‌కు, సైబీరియాకు పంపాడు. సోవియట్ యూనియన్ కూలాక లక్షల మంది జర్మనీకి చేరారు. రష్యాలో వాళ్లను జర్మన్లన్నారు, జర్మనీలో రష్యన్లన్నారు.

ఇంతవరకు చెప్పింది రైతులు మోసుకెళ్లిన జర్మన్. తుపాకీ మోసుకెళ్లిన జర్మన్ వేరే ఉంది. నమీబియా 1884 నుంచి 1915 వరకు జర్మన్ వలస. అక్కడ 1904లో హెరెరో తెగవాళ్లు తిరగబడితే లోథార్ ఫాన్ త్రోథా అనే సేనాధిపతి వాళ్లను నిర్మూలించమని ఆజ్ఞ జారీ చేశాడు. ఎడారిలోకి తరిమి, నీటి చెలమల దగ్గర కాపలా పెట్టి చంపారు. మిగిలినవాళ్లను శిబిరాల్లో పెట్టారు. హెరెరోల్లో అత్యధికులు, నామా ప్రజల్లో దాదాపు సగం మంది చనిపోయారు. అది జాతి నిర్మూలనేనని జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021లో. ఆ నేల మీద ఇవాళ కొన్ని వేల కుటుంబాలు జర్మన్ మాట్లాడతాయి. విండ్‌హుక్ నుంచి 1916లో మొదలైన జర్మన్ దినపత్రిక ఇప్పటికీ వస్తోంది. ఎండిన ఏటి ఇసుకను వాళ్లు రివీర్ అంటారు. అది ఆఫ్రికాన్స్ నుంచి వచ్చిన మాట, ఎప్పుడూ నీళ్లు పారే ఏరున్న దేశంలో దానికి మాట అవసరపడలేదు. ఈ భాషను అక్కడ వింటే నాకు రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. ఒకటి, ఎంత చక్కగా ఆ నేలకు అలవాటుపడింది అని. రెండోది చెప్పనక్కర్లేదు.

అదే నమీబియాలో ఇంకో జర్మన్ కూడా ఉంది. స్వాతంత్ర్య పోరాట కాలంలో, 1979 నుంచి, సుమారు నాలుగు వందల మంది నమీబియా పిల్లలను శరణార్థి శిబిరాల నుంచి తూర్పు జర్మనీకి పంపారు. కొందరు మూడేళ్ల, నాలుగేళ్ల పసివాళ్లు. పదేళ్లు అక్కడ పెరిగి, జర్మన్‌లోనే కలలు కనే స్థితికి వచ్చాక, 1990లో నమీబియాకు స్వాతంత్ర్యం, అక్కడ తూర్పు జర్మనీకి అంతం. విమానమెక్కించి వెనక్కి పంపేశారు. కన్నతల్లి ఎదురొచ్చి మాట్లాడితే అర్థం కాని పిల్లలు ఎందరో! వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడానికి జర్మన్, ఓషివాంబో, ఇంగ్లీషు కలిపి ఒక మాట తయారుచేసుకున్నారు. దాన్ని ఓషి జర్మన్ అంటారు. నల్లజాతి యువకులు విండ్‌హుక్ దుకాణంలో జర్మన్‌లో మాట్లాడుకుంటుంటే అక్కడి తెల్ల జర్మన్లు తల తిప్పి చూసేవారట.

జర్మన్ నుంచి పుట్టిన క్రియోల్ భాష ప్రపంచం మొత్తంలో ఒక్కటే గుర్తించారు. అది ఒకప్పుడు జర్మన్ వలసగా ఉన్న పపువా న్యూ గినీలో. రబౌల్ దగ్గర వునపోపె అనే చోట క్యాథలిక్ మిషన్ హాస్టల్ ఉండేది. యూరపు తండ్రులకూ స్థానిక తల్లులకూ పుట్టిన పిల్లలను అక్కడికి చేర్చి పెంచేవారు, చాలామందిని తల్లుల నుంచి విడదీసి. బడిలో ప్రామాణిక జర్మన్ తప్పనిసరి. పిల్లలు ఏం చేశారు? తమకు తెలిసిన టోక్ పిసిన్ అనే అక్కడి వాడుక భాష వాక్యనిర్మాణం తీసుకుని అందులో జర్మన్ మాటలు పోశారు. దాన్ని ఉంజర్‌డాయిచ్ అన్నారు, 'మన జర్మన్'. జర్మన్ నేర్చుకునేవాళ్లను ఏడిపించే డేర్, డీ, డాస్ అనే మూడు లింగాల గొడవను వాళ్లు ఒక్క దెబ్బతో తేల్చేశారు. అన్నిటికీ ఒక్కటే 'దె'. మా విద్యార్థులకు ఈ సంగతి చెబితే "ఆ భాష ఎక్కడ నేర్పుతారు సార్?" అంటారు. ఎక్కడా నేర్పరు. దాన్ని మాట్లాడేవారు వంద మంది ఉంటారేమో, అందరూ వృద్ధులు, ఎక్కువమంది ఆస్ట్రేలియాలో ఉంటున్నారు. ఉన్నదని బయటి ప్రపంచం గమనించిందే 1970ల చివర. అదీ ఆస్ట్రేలియాలో ఒక జర్మన్ తరగతిలో ఒక విద్యార్థిని మాట్లాడిన తీరు పంతులుకు వింతగా తోచడం వల్ల. అందుకే తప్పు మాట్లాడిన విద్యార్థిని వెంటనే దిద్దకండి అని తోటి ఉపాధ్యాయులకు చెబుతుంటాను. అది తప్పో, మరో భాషో మనకేం తెలుసు!

ఇక్కడ ముందు వరుసలో ఉన్న అమ్మాయిలు కొందరు నర్సు ఉద్యోగం కోసం బి2 అనే స్థాయి జర్మన్ పరీక్షకు చదువుతున్నారని విన్నాను. మీకు ఇదంతా ఎందుకు అనిపిస్తూ ఉండవచ్చు. పరీక్షలో ప్రామాణికమే అడుగుతారు, భయం లేదు. కానీ బవేరియా పల్లెలో ఎనభై ఏళ్ల పెద్దావిడ ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పేది ప్రామాణికంలో కాదు. అర్థం కాకపోతే మీ చదువును అనుమానించుకోకండి. మరోసారి చెప్పమని అడగండి, బెర్లిన్ నుంచి వచ్చిన డాక్టరు కూడా అదే చేస్తాడు.

చివరగా, గుర్తుపెట్టుకోమన్న రెండు మాటలు. బెంజమిన్ షుల్ట్‌జె అనే జర్మన్ మతబోధకుడు 1719లో తరంగంబాడి వచ్చి, తర్వాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. వ్యాకరణం రాశాడు, బైబిలు అనువదించాడు. 1743లో స్వదేశం చేరి హాలే పట్టణంలో తెలుగు అక్షరాలు పోతపోయించి 1746, 47 ప్రాంతంలో చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు నేల మీద అచ్చుయంత్రం లేని రోజుల్లో మన లిపి జర్మన్ నేల మీద అచ్చులో వెలిసింది. 1750లో ఆయన మద్రాసు నగర జీవితం మీద ముప్పై సంభాషణలు ప్రచురించాడు. మొదట తెలుగులో రాసుకున్నవే, హాలేలో ఇంగ్లీషులో వచ్చాయి. ఆ పుస్తకం శీర్షికలో మన భాషను 'వరూగియన్ లేదా జెంటూ భాష' అన్నాడు. వరూగియన్ అంటే మరేమీ కాదు, తమిళుల వడుగే. తమిళనేల మీద దిగాడు కనుక పొరుగువాళ్లు పెట్టిన పేరే ముందు ఆయన చెవిన పడింది. మనం జర్మన్‌కు జర్మనీ అంటున్నట్టే. కనుక ఇందాక పరిచయం చేసిన మిత్రుల మీద నాకు కోపమేమీ లేదు.

వెనక టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అక్కడే మాట్లాడుకుందాం.